కాలువ ఎవరి సొత్తు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల బడులలో తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. ఉద్యోగకాలంలో ఒకసారి పిల్లలను పిల్లలమఱ్ఱి గుడులకు తీసుకొని వెళ్ళాను. రేచర్లవారి కాలపు ఆలయాలవి. 1208 నాటి ఎఱకేశ్వరాలయం చూపించి, ఆనాటివారు గుడితోపాటు చెరువునూ తవ్వించి, ఆ పుణ్యకార్యాన్ని రాతిపై చెక్కించేవారని వివరించాను. అప్పుడొక బాలుడు లేచి, "మరి మన సాగర్ కాలువ తవ్వినోళ్ళ పేర్లు ఏ రాయి మీద ఉన్నయి సార్?" అని అడిగాడు. నా పాండిత్యమంతా ఆ ప్రశ్న ముందు మూగవోయింది.

చారిత్రక సంపద అంటే గుడులూ స్తూపాలూ మాత్రమేననీ, కాలువ సర్కారుదనీ మనలో ఒక భావన పాతుకొన్నది. ఈ భావనతోనే నా పేచీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ పేరిట వెలసిన ఎడమ కాలువ మన మెట్టనేలను మాగాణం చేసింది. ఈ తేదీలు అందరికీ తెలుసు. దీనికై మునిగినదేమిటో ఎందరికి తెలుసు?

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగింది. 1954 నుండి 1960 వరకు తవ్వి తీసిన కట్టడాలలో కొన్నింటిని కొండపైకీ, అనుపుకూ తరలించి నిలబెట్టారు. రాళ్ళకు అంతటి మర్యాద దక్కింది, సంతోషం. కాని ఆ లోయను విడిచిపోయిన లంబాడీలకూ, చెంచులకూ, రైతులకూ ఏ కొండ మీద చోటు దొరికింది? తట్టా పారా పట్టిన వడ్డెరలను, పాలమూరు కూలీలను ఏ ఫలకం స్మరిస్తున్నది? ఏ తూము దగ్గర చూచినా ప్రారంభకుల పేర్లే!

ఇది కేవలం కృతజ్ఞతకు సంబంధించిన మాట కాదు. 2022 సెప్టెంబరులో నిడమనూరు వద్ద కాలువకు గండి పడింది. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానలలో కోదాడ దాపున, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద మళ్ళీ పడింది. గండి దగ్గరి పొలం కొట్టుకొనిపోతుంది, దిగువ పొలం నీరందక ఎండుతుంది. ఆ వాన అసాధారణమే, కాదనను. కాని కట్ట మీద తుమ్మచెట్లు మొలిచిన నాడు, మేజరులో చెత్త పోసిన నాడు, ఎవరో కట్టను కోసి పైపులు దింపిన నాడు మనమెక్కడున్నాము?

మన చెరువులకు నీరటికాడుండేవాడు. కట్టకు ఎలుకబొక్క పడినా అతనికి తెలిసేది. ఊరు అతనికి పంటలో మేర కొలిచేది. నీటిని పంచుకొనే ఆ విద్య ఈ నేల సొంతం. 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చినప్పుడు ఆ విద్యకు మళ్ళీ ప్రాణం వస్తుందని ఆశపడ్డాను. అనేకచోట్ల అవి పేరుకే మిగిలాయి. ఇంజనీర్లు లేనిదే కాలువ లేదు, నిజమే. కాని రాత్రివేళ కట్ట చెమర్చితే ముందు చూచేది పొలానికి వెళ్ళిన రైతే గదా!

కావున నా మనవి మూడు మాటలు. సంఘాలకు ఎన్నికలు జరిపి, చివరి ఆయకట్టు రైతుకు అందులో మాట దక్కనివ్వండి. ప్రతి పెద్ద తూము వద్ద మునిగిన ఊళ్ళ పేర్లు, కాలువ తవ్విన శ్రామికుల స్మరణ చెక్కించండి. ఇంకా బ్రతికియున్న ముసలివారి నోట ఆ కథలను బడిపిల్లలచేత వ్రాయించండి. మొదటిది సర్కారు చేయవలసినది. తక్కిన రెండింటికీ ఊరివారు తలా ఒక చేయి వేస్తే చాలు.

తనదని ఎరుగనిదానిని ఎవడూ కాపాడడు. ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. అతని బిడ్డ అదే ప్రశ్న అడిగేలోగా ఒక్క తూము దగ్గరనైనా జవాబు చెక్కి ఉండాలి.