గుడారంలో పొయ్యి

అమెరికాలో ఉన్న మీ పిల్లలు చలికాలంలో 'టిపి' గుడారం వేసుకుని, లోపలే కట్టెల పొయ్యి వెలిగిస్తామంటే కంగారుపడకండి. టిపి అన్నది అక్కడి లకోటా జాతివారి మాట. పూర్వం ఆ గుడారం వేయడం, విప్పడం ఆడవాళ్ళ పనే. గుడారమూ వాళ్ళ సొత్తే! మధ్యలో నిప్పు, పైన పొగ పోయే దారి, గాలివాటాన్ని బట్టి తిప్పుకునే రెక్కలు ఉండేవి. ఇప్పుడు రేకు పొయ్యి, పొగగొట్టం వచ్చాయి. సూత్రం మాత్రం అదే: కింద నుంచి గాలి రావాలి, పైనుంచి పొగ పోవాలి. చలేస్తోందని అన్నీ మూసేస్తే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీయగలదు. మన ఇళ్ళలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం సుమండీ! ఎండిన కట్టెలే వాడమనండి. పడుకునేముందు నిప్పు పూర్తిగా ఆర్పేయాలి. ఆ వాయువును పసిగట్టి మోగే అలారం కూడా తప్పక తీసుకెళ్ళమనండి.