లోకువైన గూడబాతు

మా మేనకోడలు కెన్యా వెళ్ళొచ్చింది. మసాయ్ మారాలో గైడు మాట్లాడొద్దన్నాడని, సింహం కోసం జీపులో గంటసేపు గుడ్లప్పగించి కూర్చుందిట. బుద్ధిమంతురాలే!

అదే పిల్ల కిందటి సంక్రాంతికి మా కొల్లేరు చూస్తానంది. ఏలూరు నుంచి ఆటపాక తీసుకెళ్ళాను. పడవెక్కి పది నిమిషాలైందో లేదో, "ఎగరవేం అత్తా?" అంటూ చప్పట్లు చరిచింది. పడవంతా అందుకుంది. వద్దనాల్సిన నేనేమో ఫోను తీశాను!

గూడబాతు బెదిరి లేస్తే గూట్లో గుడ్లు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. మన ఫొటో ఖరీదు అదండీ.

ఆ గూళ్ళైనా ఎక్కడున్నాయి? చెట్లు చాలక అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద! 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నాం. 2002లో రామ్‌సర్ జాబితా కెక్కిందని మురిశాం. 2006లో చేపలచెరువుల గట్లు కొట్టించాం, ఆనక మళ్ళీ పోసుకున్నాం. సరస్సు మనకి, స్టాండు పక్షికి! పైగా అది టిక్కెట్టు కొన్నవాళ్ళ ముందు ఎగిరి చూపించాలి కూడానా?

సింహం ఎదుట నోరు మూసుకున్నాం, మీద పడుతుందని. గూడబాతు ఏం చేస్తుంది, పాపం? మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా!