సముద్రం దాటిన కులం



నాతో చదువుకున్న ఒకాయన పెళ్లి బాలి బీచ్‌లో జరిగింది. బంధుమిత్రులంతా విమానాలెక్కారు. ఫొటోల కింద కామెంట్లు: "ప్రపంచమే చిన్నదైపోయింది, ఇంకా కులమేంట్రా!" మరి వధువును వెతికింది సొంత కులం మ్యాట్రిమొనీలోనే కదా?

సముద్రయానం చేస్తే కులం పోతుందంది బౌధాయన ధర్మసూత్రం. ఇప్పుడు కులమే పాస్‌పోర్టు తీసుకుని సముద్రం దాటుతోంది. స్వకుల వివాహమే కులానికి ప్రాణమని 1916లోనే కొలంబియా యూనివర్సిటీలో బాబాసాహెబ్ తేల్చిచెప్పారు. పందిరి ఇసుకలో వేసినా ఇంటి ముందు వేసినా ఆ ప్రాణానికి ఢోకా లేదు.

2018లో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. మనం దాటాల్సిన సముద్రం అక్కడుంది.

విద్యార్థులారా, బీచ్ పెళ్లికి లైకు కొట్టేముందు ఒక్కటే అడగండి: ఈ పెళ్లి ఏ కులగోడను కూల్చింది?