ప్రకటనకు పూచీ ఎవరిది?

ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ పెట్టుకుని వీడియోలు చూసేవారికి 2023 నుంచి యూట్యూబ్ దారులు మూసేస్తోంది. మూడు వీడియోల తర్వాత ప్లేయర్ ఆగిపోతుందని మొదట కొందరికే హెచ్చరిక చూపింది. ఆ ఏడాది చివరికి అది ప్రపంచమంతటికీ పాకింది. 2024 ఏప్రిల్‌లో ప్రకటనలు తీసేసే ఫోన్ యాప్‌ల వంతు వచ్చింది. ఆపైన ప్రకటనను సర్వర్ దగ్గరే వీడియోలో కలిపి పంపే ప్రయోగాలు మొదలయ్యాయి. ప్రకటన, వీడియో విడివిడిగా వచ్చినంతకాలం బ్లాకర్ రెంటినీ గుర్తుపట్టేది. ఇలా కలిసి వస్తే పాలలో నీళ్లను వేరు చేసినంత పని.

సంస్థ వాదనలో న్యాయం లేకపోలేదు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం వాటిని తీసినవారికే చేరుతుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన యూట్యూబ్ చానల్ ‘మై విలేజ్ షో’ పల్లె మాటను, పల్లె మనుషులను లక్షలమందికి చేర్చింది. అలాంటివారి శ్రమకు కూలి దక్కాలి. నెలనెలా డబ్బు కట్టలేని ఇంటివారు ఆ కూలిని ప్రకటన చూసే చెల్లిస్తున్నారు. దాన్ని ఎగ్గొట్టమని మేం చెప్పం.

అయితే బ్లాకర్ పెట్టుకున్న ప్రతివారూ ఎగవేతదారులు కారు. సెర్చ్‌లో నకిలీ ప్రకటనలతో మోసగాళ్లు డబ్బు కాజేస్తున్నారు, యాడ్ బ్లాకర్ వాడుకోండని 2022 డిసెంబరులో సాక్షాత్తూ అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు సలహా ఇచ్చింది. మన దగ్గర కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పెట్టుబడి పథకాలను సిఫారసు చేస్తున్నట్టు సృష్టించిన వీడియోలు సామాజిక మాధ్యమాల్లో తిరిగితే, అవి బూటకమని ప్రభుత్వ విభాగమైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పలుమార్లు చెప్పాల్సి వచ్చింది. పింఛను సొమ్ము బ్యాంకులో దాచుకున్న పెద్దమనిషికి తెర మీద కనిపించేది మంత్రి ముఖమే. ఏది అసలో ఏది అల్లికో ఆయన ఎలా పోల్చుకుంటారు? బ్లాకర్‌ను తీసేయమంటున్నవారు అది కాసిన కాపలాను తామే కాయాలి.

డబ్బు కడితే ప్రకటనల బెడద ఉండదంటారు. యూట్యూబ్ ప్రీమియం చందా 2024 ఆగస్టులో నెలకు 129 రూపాయల నుంచి 149కి పెరిగింది. తర్వాత వచ్చిన 89 రూపాయల ‘లైట్’ తీసుకున్నా పాటలకూ షార్ట్స్‌కూ ప్రకటనలు తప్పవు. పొద్దున లేస్తే పాట పెట్టుకునే ఇళ్లకు అదేం ఊరట?

ప్రకటన చూడటం తప్పనిసరి చేయదలిస్తే చేయనివ్వండి. పెట్టుబడుల ప్రకటనలను, మందుల ప్రకటనలను మాత్రం మనుషులు పరిశీలించి ఆమోదించాకే తెర మీదికి వదలాలి. మోసమని తేలిన ప్రకటన మీద సంస్థకు ముట్టిన ప్రతి రూపాయీ నష్టపోయినవారికి తిరిగి చేరాలి.