పసిగట్టాక ఏం చేస్తారు? ఈ కుక్కలకు తెలుసు!

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో మా టీమ్ చేసిన ప్రాజెక్టు.. ఒత్తిడిని పసిగట్టే చేతి బ్యాండు. గుండె వేగం పెరిగిందంటే ఫోన్‌లో ఎర్ర గుర్తు వచ్చేది. అక్కడితో మా పని అయిపోయిందనుకున్నాం. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ అంతా విని ఒక్కటే అడిగారు: ‘సరే బాబూ, ఒత్తిడి ఉందని తెలిసింది. తర్వాత ఏం చేస్తారు?’ నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మార్కులైతే పడ్డాయిగానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సరైన జవాబు కొన్నేళ్ల తర్వాత, అమెరికాలో మాజీ సైనికులకు తోడుండే కుక్కల గురించి చదువుతుంటే దొరికింది.

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల నుంచి ఇంటికొచ్చిన అమెరికన్ సైనికుల్లో చాలామందిని పీటీఎస్‌డీ వెంటాడుతోంది. ఘోరమైన అనుభవం ఎప్పుడో ముగిసినా మనసూ ఒళ్లూ ఇంకా అందులోనే ఉండిపోవడం అన్నమాట. రాత్రిళ్లు పీడకలలు. తలుపు గట్టిగా పడితే ఉలికిపాటు. సూపర్‌మార్కెట్ క్యూలో నిల్చుంటే వెనక ఎవరున్నారోనన్న భయం. కొందరైతే గడప దాటడమే మానేస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లోనే దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి కూడా. అయితే చికిత్సను మధ్యలోనే వదిలేసేవాళ్లూ తక్కువేం కాదు.

ఇలాంటివాళ్లకు తోడుగా వచ్చేదే సర్వీస్ డాగ్. ఇది ముద్దుకోసం పెంచుకునే కుక్క కాదు, ఉద్యోగం చేసే కుక్క. యజమాని నిద్రలో మూలుగుతూ కాళ్లు కొట్టుకుంటుంటే మూతితో పొడిచి లేపుతుంది. చేతులు వణకడం, కాలు ఆపకుండా ఊపడం, శ్వాస మారడం గమనించి దగ్గరికొస్తుంది. ఒళ్లో వాలి తన బరువంతా మోపుతుంది. ఆ స్పర్శతో మనిషి గతంలోంచి ఇప్పటికి వస్తాడు. క్యూలో అయితే ముందు అడ్డంగా నిలబడి కాస్త జాగా ఇస్తుంది, లేదా వెనక్కి తిరిగి కూర్చుని కాపలా కాస్తుంది.

అమెరికా వికలాంగుల చట్టం ప్రకారం షాపులోకో హోటల్‌కో సర్వీస్ డాగ్‌తో వెళ్తే సిబ్బంది రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా? దానికి ఏ పని నేర్పారు? పక్కనుంటే మనశ్శాంతిగా ఉంటుంది అంటే చాలదు, నేర్చుకున్న పని ఉండాల్సిందే. మా ఎక్స్‌టర్నల్ సార్ అడిగిందీ అదే కదా!

మరి నిజంగా పనిచేస్తుందా? మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 181 మందిని రెండు గుంపులుగా చేసి, కొందరికి శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌లను, మిగతావారికి కేవలం తోడుగా ఉండే కుక్కలను ఇచ్చింది. 2021లో ఫలితాలు వచ్చాయి. సర్వీస్ డాగ్ ఉన్నవారిలో పీటీఎస్‌డీ లక్షణాలు కొంచెం ఎక్కువ తగ్గాయి. జీవన నాణ్యతలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2024లో మ్యాగీ ఓహేర్ బృందం 156 మందిపై చేసిన మరో అధ్యయనం వచ్చింది. మూడు నెలల తర్వాత చూస్తే, కుక్క కోసం ఎదురుచూస్తున్నవారి కంటే కుక్క వచ్చినవారిలో పీటీఎస్‌డీ నిర్ధారణ ఆడ్స్ 66 శాతం తక్కువ. అయితే ఎవరికి కుక్క ఇవ్వాలో ఇందులో లాటరీ వేసి నిర్ణయించలేదు. కాబట్టి ‘కుక్క వస్తే జబ్బు మాయం’ అని రాసేస్తే అబద్ధమే. చికిత్సకు ఇది తోడు, బదులు కాదు.

ఇప్పుడు మనలాంటివాళ్ల కథ. 2015లో మినెసోటాలోని మెకలెస్టర్ కాలేజీలో చివరి ఏడాది చదువుతున్న టైలర్ స్క్లూజాసెక్ వాషింగ్టన్‌లో ఒక హ్యాకథాన్‌కి వెళ్లాడు. వాళ్ల నాన్న ఇరాక్‌లో పనిచేసి వచ్చి పీడకలలతో నలిగిపోతున్నారు. పీడకల మొదలవగానే కుక్కలు లేపుతాయని టైలర్‌కి తెలుసు. అదే పనిని స్మార్ట్‌వాచీతో చేయించాడు. గుండె వేగాన్ని, కదలికలను చూసి వాచీ సన్నగా వైబ్రేట్ అవుతుంది. కల తెగాలి, నిద్ర పాడవకూడదు.. అసలు కష్టం అక్కడే. ఆ ఆలోచనే నైట్‌వేర్ అనే పరికరమై 2020 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. డాక్టర్ రాస్తేనే ఇస్తారు.

మా బ్యాండులోనూ దాదాపు అవే సెన్సర్లు. కానీ మాకు ‘తర్వాత’ తెలీదు. టైలర్‌కి తెలుసు, ఎందుకంటే అతను సెన్సర్‌తో మొదలుపెట్టలేదు, నాన్నతో మొదలుపెట్టాడు.

ఈ కథ చదివిన ఉత్సాహంలో ‘ఇక కుక్కలతో పనేముంది!’ అని మా పెదనాన్నతో అన్నాను. ఆయన ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. కాఫీ తాగుతూ, ‘రాత్రి లేపుతుంది సరేరా, పొద్దున్నే వాకింగ్‌కి లాక్కెళ్తుందా నీ వాచీ?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కుక్కకు తిండి పెట్టాలి, బయట తిప్పాలి. వీధిలో ఎవరో ఆగి ‘దీని పేరేంటి?’ అని అడుగుతారు. ఇంట్లోనే ముడుచుకుపోయిన మనిషికి అదీ వైద్యమే. అలాగని అందరికీ కుక్కలు ఇవ్వడమూ కుదరదు. ఒక్కోదాని పెంపకం, శిక్షణకు వేల డాలర్లు, నెలల తరబడి సమయం కావాలి. అందుకే అక్కడ వెయిటింగ్ లిస్టులు. కుక్క అందనివారికి వాచీ ఒక్క పనైనా చేసిపెడితే మంచిదే. వాచీ చూసి కుక్కను తీసిపారేయొద్దన్నదే నా మాట.

ప్లేస్‌మెంట్ల హడావుడిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేదొకటే. మన రెజ్యూమెల నిండా ‘డిటెక్షన్’ ప్రాజెక్టులే. మొహం డిటెక్షన్, మూడ్ డిటెక్షన్, నిద్రమత్తు డిటెక్షన్. ఈసారి ప్రాజెక్టు టాపిక్ గూగుల్‌లో వెతికే ముందు ఆ సమస్యతో బతుకుతున్న ఒక్క మనిషితోనైనా గంటసేపు మాట్లాడండి. మన ఊళ్లలోనూ సైన్యం నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. బోర్డర్ కబుర్లు చెప్పమంటాం గానీ రాత్రి నిద్ర పడుతోందా అని అడగం. నేనూ పెదనాన్నను మొన్ననే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడారు.