ఈ పిల్లకి ఫిజిక్సెందుకు మేష్టారూ?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పల్లెలో ఒక తల్లి నన్ను నడిరోడ్డు మీద నిలేసింది. "మేష్టారూ, మా పిల్లకి ఇంకా సదువేందండీ? బీఈడీ చేసి టీచరవుద్దనుకుంటే ఎమ్మెస్సీ అంటది, పీహెచ్‌డీ అంటది. ఆ ఫిజిక్సు సదివితే ఏమొచ్చిద్దండీ?"

ఆమె మిరపకోతల కూలీ. మొగుడు లేడు. పిల్ల నా దగ్గరే హైస్కూల్లో చదివింది, ఇప్పుడు టౌన్లో బీఎస్సీ ఆఖరి ఏడు. సభల్లో గంటసేపు మాట్లాడే నాకు అక్కడ నోరు పెగల్లేదు. ఎందుకంటే మూడేళ్ళ కిందట "డిగ్రీ అవగానే బీఈడీ చెయ్యమ్మా, డీఎస్సీ రాద్దువు" అని ఆ పిల్లకి చెప్పింది నేనే. మనవాళ్ళకి బువ్వపెట్టే చదువు చాలు, లోతు చదువు వాళ్ళది అన్న లెక్క నాలోనూ ఉంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో ల్యాబులో ఒక లెక్చరరు "నువ్వు రీడింగులు రాసుకో చాల్లే, వస్తువులు ముట్టుకోమాక" అన్నాడు. పక్కవాళ్ళు స్క్రూగేజి తిప్పుతుంటే వాళ్ళు చెప్పిన అంకెలు నేను రాసుకున్నా. పాతికేళ్ళయినా ఆ మాట చెవిలోనే ఉంది.

ఇంతకీ ఆ పిల్ల రాయబోయేది జామ్ అనే పరీక్ష. ఐఐటీల్లో ఎమ్మెస్సీలో చేరడానికి, బెంగుళూరు ఐఐఎస్సీలో ఎమ్మెస్సీ పీహెచ్‌డీ కలిపి చేసే కోర్సుకీ ఆ మార్కులే చూస్తారు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 20 ప్రశ్నలకి ఆప్షన్లే ఉండవు, లెక్క చేసి అంకె కొట్టాలి. మన డిగ్రీ పరీక్షల్లో థియరీ బట్టీపట్టి, బొమ్మ గీసి, సూత్రం కింద గీత గీస్తే మార్కులొస్తాయి. ఇక్కడ అది కుదరదు. గోడకి ఆనించిన నిచ్చెన ఎప్పుడు జారుతుంది అంటే, ఎక్కడెక్కడ బలం పడుతుందో తనకు తనే ఆలోచించుకోవాలి. మూడేళ్ళు బట్టీకి అలవాటైన బుర్రని ఆర్నెల్లలో తిప్పుకోవడమంటే మాటలు కాదు. ఆ పిల్ల విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు కొనుక్కుంది. ఎన్‌పీటెల్ పాఠాలు ఫోన్లో ఉచితంగానే వస్తాయి, ఎక్కువ ఇంగ్లీషులోనే. ఒక్కో పాఠం మూడేసిసార్లు వింటానంది. మొదటిసారి ఇంగ్లీషు కోసం, తర్వాత ఫిజిక్సు కోసం.

పరీక్ష ఫిబ్రవరిలో. మిరపకోతలూ అప్పుడే! ఈ సంగతి పరీక్షల తేదీలు వేసేవాళ్ళకి తెలీదు, తెలిసినా వాళ్ళకి పట్టదు.

అయినా పరీక్ష గండం చిన్నదే అంటాను. పేపరు దిద్దే కంప్యూటరుకి కులం తెలీదు. అసలు గండం ఉత్తరాలది. మన దేశంలోని మూడు సైన్సు అకాడెమీలు కలిసి ఏటా వేసవిలో పిల్లల్ని పెద్ద సైంటిస్టుల దగ్గరికి పంపుతాయి. రెండు నెలలు పని నేర్చుకోవచ్చు. దానికి టీచరు సిఫారసు కావాలి. రేపు అమెరికాలో పీహెచ్‌డీకి పెట్టాలంటే మామూలుగా మూడు ఉత్తరాలు. ఈ పిల్ల ఒక లెక్చరరుని అడగబోతే "నీ పేరేంటన్నావ్?" అన్నాడట. మూడేళ్ళు ఆయన క్లాసులో కూర్చున్న పిల్లని! అదే కాలేజీలో ఇంకో అబ్బాయి ఆయన ఇంటికి ఆదివారాలు వెళ్తాడు, కాఫీ తాగుతాడు. వాడికి ఉత్తరం ఊరికే వచ్చింది. మన పిల్ల ఆ గడప తొక్కగలదా? "మెరిట్ మెరిట్" అని గొంతు చించుకునేవాళ్ళు ఈ కాఫీ లెక్క ఎందుకు చెప్పరు?

మేఘనాథ్ సాహా గురించి మనవాళ్ళు ఎక్కువ చెప్పుకోరు. 1893లో ఢాకా దగ్గర శియోరతలి అనే పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. దళితుడని అనలేం గానీ, ఆనాటి బెంగాలీ అగ్రకులాల లెక్కలో తక్కువ కులమే. ఊళ్ళో పై చదువు లేక వేరే ఊళ్ళో ఒక డాక్టరు ఇంట్లో ఉండి చదివాడు. తన కంచం తనే కడుక్కోవాలి, ఆవుని చూసుకోవాలి, అదీ షరతు. కలకత్తాలో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరితే హాస్టల్లో అగ్రకులాల పిల్లలు పక్కన కూర్చుని తిననన్నారు. సైకిలు తొక్కుకుంటూ ట్యూషన్లు చెప్పి బతికాడు. జర్మన్ నేర్చుకుని సత్యేన్ బోసుతో కలిసి ఐన్‌స్టీన్ వ్యాసాలని ఇంగ్లీషులోకి తెచ్చాడు. నక్షత్రం వెలుగుని విడగొట్టి చూస్తే గీతలు కనిపిస్తాయి గదా, ఆ గీతల్ని బట్టి అక్కడి వేడిని లెక్కగట్టే సూత్రం 1920లో ఇచ్చింది ఈయనే. పక్కన కూర్చుని తిననన్నవాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

చేరాక అంతా బాగుంటుందని నేను ఆ తల్లికి అబద్ధం చెప్పలేను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్సు పీహెచ్‌డీలో చేరిన తమిళనాడు దళిత బిడ్డ సెంథిల్ కుమార్ 2008 ఫిబ్రవరిలో హాస్టల్లో చనిపోయాడు. అప్పటికి అతనికి గైడే లేడు. అదే యూనివర్సిటీలో 2016 జనవరిలో రోహిత్ వేముల పోయాడు. ఆ భయం నాకూ ఉంది. కానీ భయపడి ల్యాబు తలుపు మనమే మూసుకుంటే లోపలున్నవాళ్ళకి అంతకన్నా కావలసిందేముంది?

బువ్వ సంగతీ చెప్పాలి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. అది నెలనెలా చేతికి రాదన్న గోల ఉంది, అదీ తెలిసి ఉండాలి.

మన కార్యకర్తలతో ఒక గొడవుంది నాకు. "ఊళ్ళో శ్మశానానికి దారి లేదు, నీ ఫిజిక్సేంది?" అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. సరే, దారికోసం నువ్వూ నేనూ కొట్లాడదాం. ఆ పిల్లని వదిలెయ్. చదువుకున్న పిల్ల దొరికితే చాలు, కరపత్రం రాయమంటాం, మీటింగులో పాట పాడమంటాం, పిటిషను రాయమంటాం. జనవరి 26 సభకి కరపత్రం రాసిపెట్టమని నేనే ఫోన్ చేశాను, సిగ్గు లేకుండా. "సరే సార్" అంది, కాదనలేక. మర్నాడు నేనే వద్దని చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత ఆ తల్లి ఇంటికెళ్ళాను. ఫిజిక్సు చదివితే ఏమొచ్చిద్దో నాకు తెలిసినంత చెప్పాను. సాహా కంచం కడుక్కున్న సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పరీచ్చ అయ్యేదాకా కోతలకి పిలవన్లెండి" అంది. ఒక మనిషి కూలి అన్ని రోజులు పోతే ఆ ఇంట్లో ఏమవుద్దో నాకు తెలుసు. అందుకే మా టీచర్లం నలుగురం కలిసి ఆ కూలి ఇవ్వడానికి ఒప్పుకున్నాం. తీసుకోనంది. బియ్యం అయితే తీసుకుంటానంది.

సెంటరు విజయవాడలో పడింది. ముందు రోజు రాత్రికి ఆడపిల్ల ఎక్కడ పడుకోవాలన్నది ఇంకా తేలలేదు. అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉంటే పత్రిక అడ్రసుకి ఒక ముక్క రాయండి.