తాబేలుకు ఏం పెట్టాలి?

"మాస్టారూ, తాబేలుకు ఏం పెట్టాలండీ?" ఏటా వానలు మొదలవగానే ఈ ప్రశ్న నా దగ్గరకు వస్తుంది. నాలుగు చినుకులు పడితే మెట్ట తుప్పల్లోంచి తాబేళ్లు మేతకు బయలుదేరుతాయి. పొలం వెళ్లిన పిల్లలకు గట్టు మీద ఒకటి కనపడుతుంది. నల్లటి చిప్ప, దాని మీద ముగ్గు వేసినట్టు పసుపుపచ్చని చారలు. ముచ్చటేసి, క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి తెస్తారు. "తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుంది" అని పెద్దవాళ్లూ ఊరుకుంటారు.

ముందు మీ తాబేలు ఏదో తేల్చుకోండి. నేల మీద నడిచేదీ, బావిలో ఈదేదీ మన భాషలో తాబేలే. బావుల్లో, చెరువుల్లో ఉండే మెత్తచిప్ప తాబేలు నత్తలు, చేపలు, కప్పలతో పాటు నీటిమొక్కలు కూడా తింటుంది. పట్నం దుకాణాల్లో గాజు తొట్టెలో అమ్మే, కంటి వెనక ఎర్రచార ఉన్న తాబేలు అమెరికా నుంచి వచ్చిన జాతి. మీరు గట్టు మీద నుంచి తెచ్చినది నక్షత్ర తాబేలు. అది గడ్డీ ఆకూ మేసే మెట్టజీవి, ఈత రాదు. "తాబేలే కదా" అని నీళ్ల తొట్టిలో వేసి చంపినవారిని నేనెరుగుదును.

నేనూ ఒకదాన్ని చంపాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో వినుకొండ వైపు ఒక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు అరచేతిలో పట్టేంత తాబేలును తెచ్చాడు. సైన్సు గదిలో కొయ్యపెట్టెలో ఉంచాం. క్యారేజీల్లో మిగిలిన అన్నం, టమాటా ముక్కలు, అరటిపండు, సంతలో కొన్న పాలకూర దాని భోజనం. ఆబగా తినేది. తింటున్నది కదా, బాగానే ఉందనుకున్నాం. కొన్ని నెలలకు చిప్ప అంచును వేలితో నొక్కితే వంగింది.

అలా ఎందుకైందో ఆ రోజు పిల్లలకు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. తాబేలు చిప్ప అది తొడుక్కున్న పెట్టె కాదు. వెన్నెముక, పక్కటెముకలు పరుచుకుని అతుక్కుపోయిన ఎముక అది. పైన మాత్రం మన గోళ్లలో ఉండే పదార్థంతో చేసిన పెంకులు ఉంటాయి. ఎముకకు సున్నం, అంటే కాల్షియం కావాలి. ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం కనీసం రెట్టింపు ఉండాలి. అన్నంలో, టమాటాలో, అరటిపండులో లెక్క తలకిందులు, భాస్వరమే ఎక్కువ. పాలకూరలో కాల్షియం ఉంది గాని, దానిలోని ఆక్సాలిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. గోంగూరలోనూ ఈ ఆమ్లం ఉంది. (గోంగూర వద్దంటే మా పిల్లలు నన్ను వింతగా చూస్తారు. వద్దన్నది తాబేలుకు!) తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి తగిలితే అది తయారవుతుంది. కిటికీ అద్దం అందుకు పనికివచ్చే కిరణాలను ఆపేస్తుంది. బయట రాళ్లు పగిలే ఎండ కాస్తుంటే, మేము దాన్ని గదిలో పెట్టి ఎండకు మొహం వాచేటట్టు చేశాం.

ఇక దాని పేగుల సంగతి. ఆవుకు పొట్టలో జరిగే పని తాబేలుకు పెద్దపేగులో జరుగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి శక్తినిస్తాయి. వాటికి అన్నం, బెల్లం, బిస్కట్టు వేస్తే మేలుచేసే జీవులు తగ్గి, అజీర్ణం చేసేవి పెరుగుతాయి. శనగలు పెడితే బలమని కొందరంటారు. మాంసకృత్తులు అంతగా దానికి అక్కర్లేదు. అయితే చిప్ప గుట్టలు గుట్టలుగా పెరిగితే నేరమంతా మాంసకృత్తులదే అనకండి. 2003లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు ఆఫ్రికా జాతి తాబేటి పిల్లలను పెంచి చూశారు. గాలిలో తేమ తగ్గటమే అందుకు ఎక్కువ కారణమని తేలింది. పైగా నక్షత్ర తాబేలుకు సహజంగానే కొంత గుట్టల చిప్ప.

మరి ఏం పెట్టాలి? అడవిలో అది తినేవే: గరిక, రకరకాల కలుపు ఆకులు, రాలిన పూలు, నాగజెముడు మట్టలు, ఎప్పుడన్నా ఒక పండు. పెరట్లోవయితే మందార ఆకు, పువ్వు, మునగాకు, గుమ్మడి ఆకు. కాల్షియం కోసం చీరాల వైపు సముద్రపు ఒడ్డున దొరికే సముద్రపు నురుగు ఉంది. అది నురుగు కాదు, ఒక సముద్రజీవి లోపలి గట్టి పెంకు. పైసా ఖర్చు లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరో పెద్దాయన చెబితే నేనూ గరిక కోయించాను, మిరపచేను గట్టు మీద. రెండో రోజుకు తాబేలు మెడ చాచి పడి ఉంది. ఆ చేలో అంతకు ముందే మందు కొట్టారని తర్వాత తెలిసింది. మందు వల్ల చచ్చిందో, మేము పెట్టిన తిండి వల్ల చచ్చిందో చెప్పలేను. రెండూ మా చేతులతో పెట్టినవే.

1987-88లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని నాశనం చేసింది. కొత్త మందులు అదేపనిగా కొట్టటంతో దోమను తినే పురుగులు చచ్చి, దోమ మరీ పెరిగింది. అప్పుల పాలై రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చింది, మళ్లీ మందు మీద మందు. నేను రైతును తప్పుపట్టటం లేదు. మా ఇంట్లోనూ మిరప వేస్తాం. కాని ఆ గట్టు మీది గరిక మేత కాదని మీరు తెలుసుకోవాలి. "కడిగి పెడతాం మాస్టారూ" అంటారు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ వంటి మందులు మొక్క రసంలో కలిసి తిరుగుతాయి. ఆకును ఎంత కడిగినా లోపలి మందు పోదు.

అందుకే నా అభిప్రాయం, మీకు నచ్చకపోయినా చెబుతాను: తాబేలును పెంచవద్దు. ప్రేమగా చూసుకుంటామంటారు, నిజమే. మేమూ ప్రేమగానే చూసుకున్నాం. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు కదా అని మీలో ఒకరు అడగవచ్చు. గుడిలో ఉన్నాయని మనింట్లో పెట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టటం, పెంచటం నేరం. 2022 సవరణతో అది పులితో పాటు మొదటి షెడ్యూలులో చేరింది. మన దేశంలో ఒకే ఒక్క కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 తాబేళ్లు దొంగ వ్యాపారానికి పోతున్నాయని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. 2019లో ప్రపంచ దేశాలు కలిసి ఈ జాతి వ్యాపారాన్ని నిషేధించాయి.

చేలో కనపడితే వదిలేయండి. దారి మధ్యలో ఉంటే, అది పోయే వైపుకే దాటించండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఊరి బయట ఎక్కడో విడిచిపెట్టకండి. పెట్టెలో తెచ్చుకున్న జబ్బు మిగతావాటికి అంటుతుంది. నాన్నగారికి చెప్పి అటవీశాఖ రేంజి ఆఫీసులో అప్పగించండి. ఆ ఒకటి రెండు రోజులూ పెరట్లో మందు తగలని మందార ఆకులు, లోతు లేని పళ్లెంలో నీళ్లు, ఎండా నీడా రెండూ ఉన్న చోటు చాలు. అన్నం మాత్రం పెట్టకండి.